గుర్రమెక్కినవాళ్ళు, గడ్డి మోసినవాళ్ళు

మన భాషలో గుర్రాలకి కొదవ లేదు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందంటాం. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటాం. చెరువుని కమ్మేసే ఊదాపూల కలుపుమొక్కకి గుర్రపుడెక్క అని పేరు పెట్టుకున్నాం. గుర్రం అనే ఇంటిపేరు గలవాళ్ళు మనందరికీ ఎవరో ఒకరు తెలిసే ఉంటారు. ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద కూర్చుని మనం లొట్టలు వేసుకుంటూ తినే ఉలవచారు సంగతి చూడండి. ఆ ఉలవలకి ఇంగ్లీషువాడు పెట్టిన పేరు గుర్రపు గింజలనే. దక్షిణాదిలో గుర్రాలకి ఉడికించి పెట్టేది అవే కాబట్టి అతనికి అంతకంటే మంచి పేరు తోచలేదు.

ఇన్ని మాటలున్నాయి కదా, మరి మనలో ఎంతమంది తాతలు గుర్రమెక్కారు? ఈ ప్రశ్న నాది కాదు, హైస్కూల్లో చదువుతున్న మా అమ్మాయిది. నేను ఇంజనీరింగు చదివి పాతికేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాసుకుంటున్నవాణ్ణి, చరిత్రకారుణ్ణి కాను. కానీ పిల్ల అడిగిన ప్రశ్నకి ‘కృష్ణదేవరాయలు’ అని ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకోవడం నాకు సరిపడలేదు. ఆ జవాబు వెతుక్కుంటూ చదివిన దాంట్లో కొంత మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ప్రశ్న ఎక్కడ పుట్టిందో కూడా చెప్పాలి. మా అమ్మాయి మూడేళ్ళుగా మన్‌మత్ కౌంటీలో ఒక గుర్రపుశాలకి వెళ్ళి స్వారీ నేర్చుకుంటోంది. కిందటి అక్టోబరులో ఆ శాల నడిపే ఆవిడ తల్లిదండ్రుల్ని కూడా కలుపుకుని మూడు రోజుల యాత్ర పెట్టింది. ఒకరోజు సముద్రపొడ్డున ఇసకలో, రెండు రోజులు న్యూజెర్సీ ఉత్తరాన హైలాండ్స్ కొండల్లో. అంతసేపు జీను మీద కూర్చోవడం మా ఆవిడకీ నాకూ అదే మొదటిసారి. ఆ మూడు రోజుల్లో నన్ను ఆకట్టుకున్నది కొండలూ కెరటాలూ కాదు, ఆ శాలలో నడిచే ఒక నియమం. గుర్రమెక్కేవాళ్ళే దాన్ని తోమాలి. గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళు తీయాలి, నీళ్ళు పెట్టాలి, గడ్డి వెయ్యాలి, పేడ ఎత్తాలి. అవన్నీ అయ్యాకే స్వారీ. దిగాక మళ్ళీ అవే పనులు. డబ్బు కట్టాం కదా అంటే కుదరదు. పేడ పార చేత్తో పట్టుకునే మా అమ్మాయి అడిగింది, “నాన్నా, మనవాళ్ళు గుర్రాలెక్కేవాళ్ళా? రాజులు కాదు, మనవాళ్ళు” అని.

మనవాళ్ళు అన్న మాటలోనే ఉంది చిక్కంతా.

ముందు గుర్రం సంగతి చూద్దాం. మేలుజాతి గుర్రం మన దేశవాళీ జంతువు కాదు. అది ఓడల మీద వచ్చింది. మధ్య ఆసియాలో ఉన్నట్టు విశాలమైన గడ్డిమైదానాలు మనకి లేవు. మన తీరాన ఉండే ఉక్కా చెమ్మా దానికి పడవు. మన మాగాణి నేల వరికి రాసిపెట్టి ఉంది. పదమూడో శతాబ్దం చివర్లో ఈ తీరాలకి వచ్చిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో, తమిళ తీరాన్ని గురించి చెబుతూ అక్కడ గుర్రాలు పెరగవని రాశాడు. హోర్ముజ్, ఏడెన్ వంటి రేవుల నుంచి అక్కడి రాజులు ఏటా వేల గుర్రాల్ని కొనేవారట. సాకడం తెలిసినవాళ్ళు లేక ఏడాది తిరిగేసరికి చాలా కొద్ది మాత్రమే మిగిలేవట. అన్నమూ మాంసమూ కలిపి వండి గుర్రాలకి పెట్టేవారని కూడా ఆయనే రాశాడు. పైగా గుర్రాల వైద్యం తెలిసినవాళ్ళని వర్తకులు ఇటు రానిచ్చేవారు కాదట. గుర్రాలు బతికితే మళ్ళీ కొనేదెవరు? ఏటా కొత్త లైసెన్సు కొనిపించే కంపెనీల్లో పనిచేసినవాళ్ళకి ఈ వ్యాపార సూత్రం వివరించక్కర్లేదు.

ఇదే యాత్రికుడు మన తీరంలో మోటుపల్లిని కూడా ప్రస్తావించాడు. ఆ రాజ్యాన్ని ఏలిన రాణిని, అంటే మన రుద్రమదేవిని, మెచ్చుకుంటూ రాశాడు. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో చినగంజాం దగ్గర ఒక చిన్న పల్లె. నేను చదువుకునే రోజుల్లో చీరాల నుంచి బస్సులో ఒకసారి వెళ్ళాను. ఇసకా, సరుగుడు తోటలూ, పాత గుళ్ళూ తప్ప అక్కడ ఒకప్పుడు అంతర్జాతీయ రేవు ఉండేదని చెప్పే హడావిడి ఏమీ లేదు. చెప్పేది ఒక్కటే ఉంది, వీరభద్రాలయంలోని శాసన స్తంభం. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో సముద్ర వర్తకులకి ఇచ్చిన అభయ శాసనం అది.

ఆ శాసనంలో విషయం ఇదీ. అంతకుముందు రాజులు, తుఫానుకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాక్కునేవారు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రమంత ప్రమాదానికి తెగించి వచ్చినవాళ్ళ దగ్గర తాము అలా లాక్కోమని, సుంకం తప్ప మరేదీ పుచ్చుకోమని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ఎగుమతికైనా దిగుమతికైనా సుంకం ముప్పయ్యింట ఒకవంతు. కాకతీయులు పోయాక రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో మోటుపల్లి వర్తకులకి మళ్ళీ అలాంటి అభయమే ఇచ్చాడు. రాజులు మారినా గుర్రాల అవసరం మారలేదన్నమాట.

మోటుపల్లి నుంచి ఓరుగల్లుకి పటం మీద సూటిగా గీత గీసినా 250 కిలోమీటర్లు ఉంటుంది. మధ్యలో కృష్ణ దాటాలి, తీరమైదానం వదిలి తెలంగాణా రాతి పీఠభూమి ఎక్కాలి. రేవులో దిగిన సరుకంతా చేరవలసింది అక్కడికి, రాజధానికి. అక్కడ గుర్రమంటే అధికారం. గుర్రపు దళాన్ని నడిపేవాణ్ణి సాహిణి అనేవారు. గణపతిదేవుడి దగ్గర అశ్వదళానికి అధిపతిగా ఉన్న గంగయ సాహిణి కాయస్థ వంశం వాడు. అతనికి పెద్ద సీమ మీద పెత్తనం దక్కింది. ఆ వంశంలోని అంబదేవుడే తర్వాత రుద్రమదేవి మీద తిరగబడ్డాడు. ఆమె మరణాన్ని తెలిపే చందుపట్ల శాసనం 1289 నాటిది, అంబదేవుడితో పోరులోనే ఆమె మరణించిందని చరిత్రకారులు భావిస్తున్నారు. గుర్రాల మీద పట్టున్నవాడు రాజ్యాన్నే కదిలించగలిగాడు.

విజయనగరం దగ్గరికి వచ్చేసరికి ఈ వ్యాపారం మరీ పెద్దదైంది. ఆ కాలంలో దక్కనులో పెద్ద రాజులకి మూడు బిరుదులుండేవి. ఒడిశా రాజు గజపతి, ఉత్తరాది తురుష్క ప్రభువు అశ్వపతి, విజయనగర రాజు నరపతి. ఒకరికి ఏనుగులు, ఒకరికి గుర్రాలు, మనకి మనుషులు. మనుషుల బలం ఒక్కటీ చాలదని విజయనగర రాజులకి బాగా తెలుసు. గుర్రాల దగ్గర వాళ్ళు వెనకాడకపోవడానికి కారణం అదే.

1530ల్లో విజయనగరం గురించి రాసిన పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ స్వయంగా గుర్రాల బేరం తెలిసినవాడు. సాళువ నరసింహరాయలు గుర్రాల్ని ఎలా కొన్నాడో అతను చెప్పిన తీరు నాకు మరచిపోలేనిది. మూడు గుర్రాలకి వెయ్యి పర్దావులట. మన వరహాకే పోర్చుగీసువాళ్ళు పెట్టిన పేరు పర్దావు. గుర్రం బతికి వచ్చినా అదే ధర, చచ్చినా అదే ధర. దారిలో సముద్రం మీద చచ్చిపోతే తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానితో సమానంగా డబ్బు ఇచ్చేవాడట. సాఫ్ట్‌వేర్ ఒప్పందాల్లో ఇంత ఉదారమైన షరతు నేనెక్కడా చూడలేదు. కానీ ఆలోచిస్తే అది ఉదారం కాదు, లెక్క. ప్రమాదమంతా అమ్మేవాడి నెత్తిన పెడితే అతను వేరే రాజు దగ్గరికి పోతాడు. గణపతిదేవుడు రేవులో ఇచ్చిన అభయాన్నే నరసింహరాయలు నడిసముద్రం దాకా పొడిగించాడు.

కృష్ణదేవరాయలు ఏటా హోర్ముజ్ గుర్రాలూ దేశవాళీవీ కలిపి పదమూడు వేలు కొనేవాడని కూడా నూనిజ్ రాశాడు. అంకె ఎంతవరకు నిజమని చరిత్రకారులు అనుమానించవచ్చు గానీ, పని ఎంత పెద్దదో తెలుస్తుంది. 1510లో గోవా పోర్చుగీసుల చేతికి వచ్చాక గుర్రాల రేవు మీద పట్టు వాళ్ళదైంది. కొంకణ, కన్నడ తీరాల్లో దిగిన గుర్రాలు పడమటి కనుమలెక్కి హంపీ చేరాలి. ఆముక్తమాల్యదలో రాయలవారు రాజనీతి చెప్పిన పద్యాల్లో ఈ సంగతికీ చోటిచ్చారు. రేవుల్ని బాగుచేసుకుని ఏనుగులూ గుర్రాలూ రత్నాలూ వచ్చేలా చూసుకోవాలనీ, వాటిని తెచ్చే దూరదేశపు వర్తకులకి ఊళ్ళూ మంచి ఇళ్ళూ ఇచ్చి గౌరవించి తనవాళ్ళని చేసుకోవాలనీ, లేకపోతే ఆ సరుకు శత్రువుకి చేరుతుందనీ సారాంశం. తుఫానుల వల్లో జబ్బుల వల్లో ఒడ్డున పడిన పరదేశుల్ని వాళ్ళ వాళ్ళ మర్యాదకి తగ్గట్టు ఆదుకోవాలని కూడా అక్కడే ఉంది. వీసా కాగితాలు పట్టుకుని పరాయి రేవులో దిగిన మనబోటివాళ్ళకి ఈ మాటలు ఇంకో రకంగా వినిపిస్తాయి.

గుర్రాలతో పాటు మాటలూ దిగాయి. జీను, రికాబు, లగాము, సవారీ ఇవన్నీ పారసీ దారిన వచ్చినవే. కళ్ళెం, పగ్గం మనవి. తమిళులు కుదిరై అన్నారు, కన్నడిగులు కుదురె అన్నారు, మనం మాత్రం గుర్రం అన్నాం. విజయనగర కాలంలోనే మనుమంచి భట్టు అనే కవి గుర్రాల లక్షణాల మీద తెలుగులో పద్యకావ్యంగా ఒక శాస్త్రమే రాశాడు. ఏ సుడి ఎక్కడుంటే ఏమి ఫలం, ఏ రంగు మంచిది వంటి సంగతులు అందులో ఉంటాయి. అంత ఖర్చు పెట్టి కొనేవాళ్ళకి ఎంపిక చేయడానికి పుస్తకం కావద్దూ!

ఇంతవరకు చెప్పింది గుర్రమెక్కినవాళ్ళ చరిత్ర. నూనిజ్ ఇచ్చిన లెక్కల్లోనే రెండో చరిత్ర కూడా ఉంది. రాజుగారి దగ్గర గుర్రాల్ని చూసుకునేవాళ్ళు పదహారు వందల మంది, గుర్రాలకి తర్ఫీదు ఇచ్చేవాళ్ళు మూడువందల మంది జీతం మీద ఉండేవారని అతను రాశాడు. ఆ పదహారు వందల్లో ఒక్కడి పేరు కూడా మనకి తెలియదు. ఉలవలు ఉడకబెట్టింది వాళ్ళు, గడ్డి కోసుకొచ్చింది వాళ్ళు, రాత్రంతా గుర్రం పక్కన పడుకున్నది వాళ్ళు. మార్కో పోలో చెప్పినట్టు చచ్చిపోకుండా ఆ గుర్రాలు బతికాయంటే ఆ చాకిరీ వల్లే. శాసనాల్లో సాహిణి ఉన్నాడు, కావ్యంలో గుర్రం సుడి ఉంది. సాకినవాడు అంకెగా మాత్రమే మిగిలాడు.

మరి యుద్ధం కాకుండా, ఊరికే ప్రయాణానికి గుర్రమెక్కడం మనకి ఉందా? సముద్రతీరమూ కొండప్రాంతమూ రెండూ చుట్టి వచ్చిన తెలుగువాడి ప్రయాణం అంటే నాకు గుర్తొచ్చేది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర. ఆయన చెన్నపట్నం సుప్రీం కోర్టులో దుబాసీగా పెద్ద ఉద్యోగంలో ఉండేవారు. సెలవు పెట్టి 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. వెళ్ళేటప్పుడు తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కొండదారి. వచ్చేటప్పుడు పూరీ, సింహాచలం, రాజమహేంద్రవరం మీదుగా సముద్రతీరపు దారి. మేం మూడు రోజుల్లో చేసింది ఆయన పదిహేను నెలల్లో, అసలు సిసలు కొండలూ కెరటాల మధ్య చేశారు.

అయితే ఆయన ఎక్కింది గుర్రం కాదు, పల్లకీ. పరివారం సుమారు వందమంది. పల్లకీ మోసింది బోయీలు. నల్లమల ఎక్కడాలూ దిగడాలూ వాళ్ళ భుజాల మీదే జరిగాయి. వీరాస్వామయ్యగారు మంచి పరిశీలకుడు. ఊళ్ళ సంగతులూ, దారుల స్థితీ, దొరికే సరుకులూ అన్నీ రాసిపెట్టారు కాబట్టే 1838లో అచ్చయిన ఆ పుస్తకం ఇప్పటికీ మనకి ఒక గని. నేను ఆయన్ని తప్పు పట్టడం లేదు, ఆ కాలపు స్థితిమంతుడు అలాగే ప్రయాణించేవాడు. చెప్పదలచుకున్నది ఏమిటంటే, మన దేశంలో గుర్రం చేయవలసిన పని చాలాచోట్ల మనిషి చేశాడు. గుర్రం ఖరీదు, మనిషి చవక.

దాదాపు ఆ రోజుల్లోనే మన కొండసీమల్లో గుర్రం మీద తిరిగిన మనిషి ఒకడున్నాడు. అతను స్కాట్లండు నుంచి ఓడలో వచ్చినవాడు. నిజాం 1800లో కంపెనీకి వదిలేసిన దత్తమండలాలకి, అంటే నేటి రాయలసీమలో చాలాభాగానికీ బళ్ళారికీ, థామస్ మన్రో 1807 దాకా కలెక్టరు. ఊరూరా డేరాలు వేసుకుంటూ తిరిగి భూములు కొలిపించి రైతువారీ పద్ధతి నడిపాడు. తర్వాత మద్రాసు గవర్నరై, దిగిపోయే ముందు తనకి ఇష్టమైన ఆ సీమనే చూడడానికి మళ్ళీ వెళ్ళి 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. 1839లో మద్రాసులో నిలబెట్టిన ఆయన కంచు విగ్రహం గుర్రం మీద ఉంటుంది. శిల్పి ఛాంట్రీ రికాబులు పెట్టలేదని ఊళ్ళో అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ విగ్రహం ఫొటో చూసినప్పుడల్లా ఇంకో లోటు కనిపిస్తుంది. పత్తికొండ దాకా ఆ గుర్రానికి గడ్డి తెచ్చినవాడు అందులో లేడు. బ్రిటిషు కాలంలో కూడా గుర్రాలు ఓడల్లోనే వచ్చాయి, రేవు మాత్రం మారింది. హోర్ముజ్ బదులు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్. అందుకే వాటిని వేలర్లు అనేవారు.

గడ్డి తెచ్చినవాడి సంగతి తెలంగాణాలో ఇరవయ్యో శతాబ్దం దాకా సాగింది. నిజాం రాజ్యంలో వెట్టి అంటే ఏమిటో మన పెద్దల్లో కొందరు కళ్ళారా చూశారు. ఊరికి అధికారి వస్తే సామాను మోయాలి, కట్టెలు కొట్టాలి, గుర్రానికి గడ్డి తేవాలి. దొర బండికి ముందూ వెనకా పరిగెత్తాలి. కూలి లేదు, కాదనే హక్కు లేదు. ఈ భారం ఎక్కువగా మాల మాదిగ కుటుంబాల మీద పడేది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదలైన నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ ఆ తర్వాతి ఏళ్ళలో వెట్టి రద్దు కోసం గొంతెత్తింది. చివరకి ఆ గొంతు సాయుధ పోరాటం దాకా వెళ్ళింది. గుర్రమెక్కడం అనేది ఎప్పుడూ కేవలం ప్రయాణం కాదు, ఎవరు పైన, ఎవరు కింద అన్న లెక్క. ఈ శతాబ్దంలో కూడా రాజస్థాన్‌లో దళిత పెళ్ళికొడుకు గుర్రమెక్కి ఊరేగాలంటే పోలీసులు కాపలా కాయవలసి వచ్చిన వార్తలు మీరు చదివే ఉంటారు. మన జాషువాగారి (1895-1971) ఇంటిపేరు గుర్రం. మహాకవి అనిపించుకున్నా ఆయనకి ఎదురైన అంటరానితనం ఎంతటిదో తెలుగు చదివిన ప్రతివాడికీ తెలుసు.

ఇప్పటి మాటకి వద్దాం. విశాఖపట్నం రామకృష్ణా బీచికి సాయంత్రం పూట వెళితే పిల్లల్ని గుర్రమెక్కించి ఇసకలో నాలుగడుగులు తిప్పి డబ్బులు తీసుకునేవాళ్ళు కనిపిస్తారు. అక్కడినుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు వెళితే పాడేరు మన్యం, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. 2022 ఏప్రిల్ నుంచి అది అల్లూరి సీతారామరాజు జిల్లా. రోడ్డు లేని కొండ ఊళ్ళలో గిరిజనులు చిన్నపాటి గుర్రాల మీద రేషను బియ్యం పైకి తెచ్చుకుంటారు, పసుపూ మిరియాలూ సంతకి దించుతారు. పంతుళ్ళూ ఆరోగ్య సిబ్బందీ గుర్రం మీద బడికీ ఊరికీ చేరిన వార్తలు పత్రికల్లో వచ్చాయి. గుర్రం కూడా పనికిరాని చోట నిండు గర్భిణిని డోలీలో మనుషులే మోసుకొస్తారు. వీరాస్వామయ్యగారి పల్లకీ మోత ఒక చివర, ఈ డోలీ మోత ఇంకో చివర. అక్కడ మోసేవాడు కూలికి మోశాడు, ఇక్కడ తన ఇంటి మనిషి ప్రాణం కోసం మోస్తున్నాడు. సముద్రపొడ్డున సరదా, కొండ మీద అవసరం. దారంతా ఒక్కపూట ప్రయాణం.

అమెరికా గుర్రానికి కూడా ఒక వలస కథ ఉంది. గుర్రం జాతి మొదట రూపుదిద్దుకున్నది ఉత్తర అమెరికాలోనే. ఇక్కడినుంచి నేలదారిన ఆసియాకి పాకింది. సుమారు పదివేల ఏళ్ళ కిందట ఇక్కడ అంతరించిపోయింది. 1493లో కొలంబస్ రెండో యాత్రలో ఓడలెక్కి ఈ గోళార్ధానికి తిరిగొచ్చింది. పుట్టింటికి పరదేశిలా రావడం అంటే అదే. న్యూజెర్సీ 1777లో చేయించుకున్న రాష్ట్రముద్రలో శిరస్త్రాణం మీద ఉన్నది గుర్రం తలే. సరిగ్గా రెండు వందల ఏళ్ళకి, 1977లో, గుర్రాన్నే రాష్ట్ర జంతువుగా ప్రకటించారు.

ఇక్కడ మాత్రం ఎక్కినవాడూ మోసినవాడూ ఒక్కడేనా? కాదు. 1875లో జరిగిన మొదటి కెంటకీ డెర్బీలో పదిహేనుమంది జాకీల్లో పదమూడుగురు నల్లజాతివారు, గెలిచిన ఆలివర్ లూయిస్ కూడా నల్లవాడే. బానిసత్వంలో గుర్రాల్ని సాకి నేర్చిన విద్య అది. డబ్బూ పేరూ పెరిగేసరికి ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో వాళ్ళని మైదానం నుంచి తరిమేశారు. ఇవాళ పందెపు గుర్రాల కొట్టాల్లో పనిచేసేవాళ్ళలో చాలామంది మెక్సికో, గ్వాటెమాలా వంటి దేశాల నుంచి వచ్చినవాళ్ళు. మనకి హెచ్-1బి ఎలాగో వాళ్ళలో కొందరికి హెచ్-2బి అలాగ. మనలాగే వాళ్ళు కూడా కాగితాల గడువు తేదీలు లెక్కపెట్టుకుంటూ ఉంటారు.

కాబట్టి మా అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇది. మనవాళ్ళలో చాలామంది గుర్రాలెక్కలేదు, నడిచారు. కొందరు గుర్రాల్ని సాకారు, కొందరు గడ్డి మోశారు, కొందరు గుర్రం చేయాల్సిన పని తామే చేశారు. బహు కొద్దిమంది ఎక్కారు. మన పేర్లూ గోత్రాలూ తిరగేసి ఆ కొద్దిమందిలో మనల్ని కలుపుకోవడం తేలికే, అందరూ చేస్తున్న పనే. మన సభల్లో పిల్లల చేత రాయలవారి వేషం వేయించినన్ని సార్లు బోయీ వేషం ఒక్కసారైనా వేయించామా? రాయలవారి మీద నాకు గౌరవం తక్కువై ఈ మాట అనడం లేదు. రేవులో దిగిన పరదేశిని ఆదుకోమన్న రాజు ఆయన. కానీ పిల్లలకి ఎక్కినవాళ్ళ చరిత్ర మాత్రమే చెబితే, రేపు తమ కింద పనిచేసే మనిషి వాళ్ళ కంటికి ఆనడు. రెండూ చెబితే, తమ గుర్రం పేడ తామే ఎత్తాలన్న నియమం వాళ్ళకి శిక్షలా అనిపించదు. మన చరిత్రలో అరుదుగా జరిగింది, గుర్రమెక్కేవాడూ గడ్డి మోసేవాడూ ఒక్క మనిషే కావడం. మన పిల్లలకి అది శనివారం పొద్దున్నే దొరుకుతోంది. మనం ఫీజు కట్టేది స్వారీకనే అనుకుంటాం గానీ, విలువైన పాఠం పార దగ్గరే ఉందని నా నమ్మకం.

వేసవికి ఇండియా వెళ్ళినప్పుడు హంపీ వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు హజారరామాలయం బయటి గోడ దగ్గర కాస్త ఆగండి. ఏనుగుల వరుస, గుర్రాల వరుస, సైనికులు, నాట్యగత్తెలు, అన్నీ రాతి మీద బారులు తీరి ఉంటాయి. గైడు మీకు గుర్రాన్ని చూపిస్తాడు. పిల్లలకి మీరు ఆ గుర్రం పక్కన పగ్గం పట్టుకుని నడుస్తున్న మనిషిని చూపించండి.